డోవర్ సుద్దకొండ

మా నాన్నగారి దగ్గర వొక బూడిదరంగు కోటుండేది. దాని కుడిజేబు ఎప్పుడూ తెల్లగా వుండేది. క్లాసులో మిగిలిన సుద్దముక్కలు జేబులో వేసుకుని ఇంటికి రావడం ఆయనకు అలవాటు. "కాలేజీవాళ్ళు జీతం సుద్దముక్కల్లో ఇస్తున్నారా ఏమిటండీ?" అని అమ్మ సణుగుతూ ఆ జేబు దులిపేది.

ఆయన తెనాలిలో ముప్ఫయ్యేళ్ళు ఇంగ్లీషు పాఠాలు చెప్పారు. నేను బి.ఏ. చదివే రోజుల్లో ఆయన క్లాసులోనే మూడో బెంచీలో కూచుని షేక్‌స్పియర్ 'కింగ్ లియర్' విన్నాను. డోవర్ సీను వచ్చేసరికి నాన్నగారు బోర్డు మీద పైనుంచి కిందకి వొక నిలువు గీత గీసేవారు. "ఇదీ డోవర్ కొండ. దీని తర్వాత నేల లేదు. వెయ్యేళ్ళయినా, పదివేలేళ్ళయినా ఈ గీత కదలదు" అనేవారు.

చదవనివాళ్ళ కోసం ఆ సీను రెండు ముక్కల్లో చెబుతాను. గ్లోస్టర్ ప్రభువుకి శత్రువులు కళ్ళు పీకేస్తారు. బతుకు మీద విరక్తి పుట్టి, దారిలో కనిపించిన బిచ్చగాణ్ణి పట్టుకుని, "నన్ను డోవర్ కొండ అంచుదాకా తీసుకుపో, తర్వాత సంగతి నేను చూసుకుంటాను" అంటాడు. ఆ బిచ్చగాడు మారువేషంలో వున్న ఆయన సొంత కొడుకు ఎడ్గర్! ఆ కొడుకు తండ్రిని చదునైన నేల మీద నిలబెట్టి, ఇదే కొండ అంచు అని నమ్మిస్తాడు. కింద మనుషులు ఎంత చిన్నగా కనిపిస్తున్నారో, కొండ నడుమ వేలాడుతూ వొకడు ఎలా ఆకుకూర కోసుకుంటున్నాడో వర్ణిస్తాడు. ముసలాయన దూకుతాడు, అంటే బోర్లా పడతాడు. కొడుకు గొంతు మార్చి, "అంత ఎత్తునుంచి పడీ బతికావంటే నిన్ను దేవుడే కాపాడాడయ్యా" అంటాడు. తండ్రి చావు ఆలోచన మానుకుంటాడు.

"నాటకమంతా వెతికినా డోవర్ కొండ ఎక్కడా కనిపించదర్రా. అది కొడుకు అబద్ధమాడి తండ్రి కోసం కట్టిన కొండ" అనేవారు నాన్నగారు. ఆ మాట చెప్పేటప్పుడు సుద్దముక్కని వేళ్ళ మధ్య తిప్పుతూ వుండిపోయేవారు.

ఇన్నేళ్ళు డోవర్ గురించి చెప్పిన మనిషి డోవర్ చూడలేదు. ఇప్పుడాయనకి ఎనభయ్యేళ్ళు. నీటికాసుల మూలంగా నాలుగేళ్ళనించీ చూపు దాదాపు పోయింది. లండన్‌లో వున్న మా చెల్లెలి దగ్గరకు బయల్దేరుతున్నానని చెబితే, "ఆ కొండ చూసి ఎలా వుందో చెప్పు. వున్నది వున్నట్టు చెప్పాలి సుమా, కల్పించకు" అన్నారు. నవలలు రాసే కూతురంటే ఆయనకి ఆపాటి అనుమానం ఎప్పుడూ వుంది.

లండన్ నుంచి డోవర్‌కి రైల్లో గంటా, గంటంబావు ప్రయాణం. బండి వూరు దాటి పచ్చటి పొలాల్లో పడ్డాక మా చెల్లెలు నెమ్మదిగా అసలు సంగతి బయటపెట్టింది. ఏడాదిన్నర కిందటే తను బ్రిటిష్ పౌరసత్వం తీసుకుందిట. మన చట్టం ప్రకారం రెండు దేశాల పౌరసత్వం కుదరదు కాబట్టి మన పాసుపోర్టు తిరిగి ఇచ్చేసింది. రాజుగారికి విధేయంగా వుంటానని ప్రమాణం కూడా చేసింది.

"నాన్నగారితో అనకు అక్కా. తాతయ్య క్విట్ ఇండియా రోజుల్లో జైలుకెళ్ళిన మనిషి. ఆ ఇంటి పిల్ల పోయి బ్రిటిష్ రాజు పేరుమీద ప్రమాణం చేసిందంటే ఆయన ఏమైపోతారు? ఈ వయసులో ఆ బాధెందుకు?" అంది. నేనేమీ అనలేదు. ఏమనాలో తోచలేదు మరి.

డోవర్‌లో దిగి, తూర్పువైపు కొండమీదికి నడక మొదలుపెట్టాం. చీర మీద స్వెటరు, కాళ్ళకి బూట్లు, నా అవతారం చూసి మా చెల్లెలు నవ్వాపుకోలేకపోయింది. కొండపైన అంతా గడ్డి. ఎక్కడా గోడగానీ కంచెగానీ లేదు. పచ్చిక అలా సాగి సాగి చటుక్కున ఆగిపోతుంది. అక్కణ్ణించి కిందకి, ఎత్తయిన చోట మూడువందల యాభై అడుగుల లోతున సముద్రం. అంచు దగ్గరకు వెళ్ళవద్దని బోర్డులున్నాయి. కాస్త మలుపు తిరిగి నిలబడి పక్కకి చూస్తేగానీ కొండ కనిపించదు. చూశాను. తెలుపు! సున్నం వేసిన గోడ తెలుపు కాదు, పాలమీగడ తెలుపూ కాదు. అచ్చంగా మా నాన్నగారి కోటుజేబు తెలుపు.

అవును మరి, అది నిజంగానే సుద్ద. సుమారు 9 కోట్ల సంవత్సరాల కిందట ఇక్కడ వెచ్చని సముద్రం వుండేది. అందులో కంటికి కనిపించని నాచుజీవులు, వొంటిమీద సున్నపు పలకల్ని కవచంలా తొడుక్కుని బతికాయి. అవి చచ్చి, ఆ పలకలు అడుక్కి రాలి, రాలి, పేరుకుని సుద్దరాయి అయింది. ఆ తెలుపులో అక్కడక్కడా నల్లటి చారలు కనిపిస్తాయి. అవి చెకుముకిరాళ్ళు. 1868లో థామస్ హక్స్‌లీ అనే శాస్త్రవేత్త నార్విచ్ వూళ్ళో కూలిపని చేసుకునేవాళ్ళని కూచోబెట్టి, సుద్దముక్క వొక్కటి తీసుకుని భూమి చరిత్ర మొత్తం చెప్పాడు. ఆ ఉపన్యాసం ఇప్పటికీ చదువుతారు. సుద్దముక్క పట్టుకుని పాఠం చెప్పడం అందరూ చేసేదే. సుద్దముక్క గురించే పాఠం చెప్పడం ఆయనకు తోచింది.

ఆవేళ ఆకాశం నిర్మలంగా వుంది. ఎదురుగా, నీళ్ళకవతల, సన్నటి తెల్లగీత. అది ఫ్రాన్సు. ఇక్కడ రెండు దేశాల మధ్య దూరం 33 కిలోమీటర్లే. అక్కడ వున్నదీ ఇదే సుద్ద. వొకప్పుడు ఇవి రెండు కొండలు కావు, వొకే కొండ. మధ్యలో సముద్రమే లేదు. సుమారు 4 లక్షల 50 వేల సంవత్సరాల కిందట, మంచుయుగంలో, ఉత్తరాన చేరిన మహా సరస్సు వొకటి ఆ కొండ నెత్తిమీదుగా పొర్లి, దాన్ని తెగ్గొట్టిందిట. ఆ జలపాతాలు తొలిచిన గుంటలు నేటికీ సముద్రం అడుగున వున్నాయని 2017లో శాస్త్రజ్ఞులు రాశారు. ఆ తర్వాత కూడా మనుషులు నడిచి వచ్చే నేల చాలాకాలం మిగిలే వుంది. మంచు కరిగి నీరు పెరిగి, ఇంగ్లండు పూర్తిగా ద్వీపం అయింది 8 వేల సంవత్సరాల కిందట. 'దీని తర్వాత నేల లేదు' అన్న నాన్నగారి గీత నా మనసులో అక్కడే కాస్త వంకర పోయింది.

సరే, చరిత్రకొద్దాం. క్రీస్తుపూర్వం 55లో జూలియస్ సీజరు ఓడలతో ఇక్కడికే వచ్చాడు. కొండలనిండా ఆయుధాలు పట్టుకుని నిలబడ్డ మనుషులు! పైనుంచి విసిరిన ఈటె నేరుగా తీరానికే తగిలేటట్టుంది. ఎంత సీజరైనా ఇక్కడ దిగడం తెలివైన పని కాదనుకుని, ఏడు మైళ్ళు పక్కకి పోయి చదునైన ఒడ్డున దిగాడు. మరుసటి సంవత్సరం మళ్ళీ వచ్చాడు. ఆ తర్వాత వొక శతాబ్దానికి రోమన్లు వచ్చి స్థిరపడ్డారు. ఓడలకి దారి చూపడానికి వాళ్ళు కట్టిన దీపస్తంభం డోవర్ కోటలో ఈనాటికీ నిలబడి వుంది. రానివ్వకూడదని కాపలా కాసిన కొండమీదే, రండి రండని దీపం పెట్టారు. గోడ అదే. ఎవరి చేతిలో వుందన్నదే తేడా.

ఆ తర్వాత కథంతా ఇలాగే నడిచింది. 1180లలో రెండో హెన్రీ ఇక్కడి కోటలో పెద్ద బురుజు కట్టించాడు. నెపోలియన్ వస్తాడేమోనని కొండలోపల సొరంగాలు తవ్వి వేలమంది సైనికుల్ని కాపురం పెట్టారు. నెపోలియన్ రాలేదు. 1882లో సముద్రం కింద నుంచి ఫ్రాన్సుకి రైలుదారి తవ్వబోతే, ఆ బిలంలోంచి శత్రువులు వస్తారని భయపడి ఆపేయించారు. అప్పటికి ఏడేళ్ళ ముందే, 1875లో, మాథ్యూ వెబ్ అనే కెప్టెను వొంటికి నూనె రాసుకుని ఇక్కణ్ణించి దూకి, దాదాపు 22 గంటలు ఈది ఫ్రాన్సు చేరాడు. 1909 జూలై 25న బ్లెరియో అనే ఫ్రెంచివాడు తన చిన్న విమానంలో ముప్పావుగంటైనా పట్టకుండా ఎగిరొచ్చి, కోట పక్కన గడ్డిలో దిగాడు. ఎత్తు చూసి మురిసిపోయిన గోడని వొకడు ఈది, వొకడు ఎగిరి వెక్కిరించినట్టయింది.

మనవాళ్ళూ తక్కువ తినలేదు. 1958లో మిహిర్ సేన్ ఈ జలసంధిని ఈదాడు. మరుసటి సంవత్సరం, 1959 సెప్టెంబరు 29న, కలకత్తా అమ్మాయి ఆరతీ సాహా ఫ్రాన్సు ఒడ్డున నీళ్ళలో దిగి, 16 గంటలకు పైగా ఈది ఈ ప్రాంతంలోనే సాండ్‌గేట్ దగ్గర ఒడ్డెక్కింది. ఆసియా స్త్రీలలో మొదటిది ఆమే. అంతకు నెలరోజుల ముందు చేసిన ప్రయత్నం విఫలమైంది. అయినా ఇంటికి పోకుండా మళ్ళీ దిగింది. అప్పటికామెకు పంతొమ్మిదేళ్ళు. అన్నట్టు, 1931లో రౌండ్ టేబుల్ సమావేశానికి గాంధీగారు ఓడ దిగింది కూడా డోవర్ పక్కనున్న ఫోక్‌స్టన్ రేవులోనే. సీజరు కాలంలోలాగా ఆయన్ని ఆపడానికి కొండలమీద ఎవరూ ఈటెలు పట్టుకుని నిలబడలేదు.

డోవర్ పేరు చెబితే ఇంగ్లీషువాళ్ళ కళ్ళు చెమర్చేది మాత్రం 1940 తలుచుకునే. ఆ మే నెలాఖరున హిట్లర్ సేనలు తరుముకొస్తుంటే బ్రిటిష్, ఫ్రెంచి సైన్యాలు డన్‌కర్క్ తీరాన చిక్కుపడ్డాయి. నెపోలియన్ కాలంలో తవ్విన ఆ సొరంగాల్లోనే కూచుని అడ్మిరల్ రామ్సే వాళ్ళని తప్పించే ఏర్పాట్లు చేశాడు. 45 వేలమందిని తెస్తే గొప్ప అనుకున్నారు. మే 26 నుంచి జూన్ 4 లోపల 3,38,226 మందిని తెచ్చారు. అందులో మనవాళ్ళూ వున్నారు. కంచరగాడిదల మీద సామాను మోసే భారతీయ దళాలు, ఎక్కువమంది పంజాబు ముస్లింలు. ప్రాణాలు దక్కినవాళ్ళు ఓడలెక్కారుగానీ, కొడుకుల్లా చూసుకున్న ఆ మూగజీవాల్ని మాత్రం అక్కడే వదిలిరావాల్సి వచ్చింది.

యుద్ధకాలంలో వెరా లిన్ పాడిన డోవర్ కొండల పాట ఇప్పటికీ ఇక్కడివాళ్ళకి వేదంలాంటిది. తమాషా ఏమిటంటే, ఆ పాట రాసినవాడూ స్వరం కట్టినవాడూ ఇద్దరూ అమెరికావాళ్ళు. కొండలమీద ఎగురుతాయని పాటలో చెప్పిన నీలిపిట్టలు అమెరికా పిట్టలు. ఇంగ్లండులో అవి వుండనే వుండవు. దేశభక్తి గీతం కూడా పైనుంచి వచ్చిందేనన్నమాట.

కొండమీద కాపలా వున్న వొక పెద్దావిడని నేను పిల్లలు అడిగే ప్రశ్నే అడిగాను. "ఇన్ని వేలేళ్ళయినా ఇంత తెల్లగా ఎలా వుందండీ? ఎవరైనా కడుగుతారా?" ఆవిడ నవ్వి, రేవు వైపు చూపించింది. అక్కడ కెరటాలకి అడ్డంగా రాతికట్టలు కట్టారు. ఆ కట్టల చాటున వున్న కొండ పచ్చగా, మాసిపోయినట్టుంది. గడ్డీ, తుప్పలూ ఎక్కేశాయి. ఇటు, సముద్రం నేరుగా కొట్టే చోట మాత్రం ధగధగా మెరిసిపోతోంది. "ఇది రాలిపోతూ వుంటుందమ్మా, అందుకే తెల్లగా వుంటుంది. రాలడం ఆగితే ఇదీ అలాగే అయిపోతుంది" అందావిడ.

నాకు వొళ్ళు జలదరించింది. 2012 మార్చిలో ఇక్కడే వేల టన్నుల కొండ వొక్కసారిగా సముద్రంలోకి విరిగిపడిందిట. అదే సంవత్సరం జనం చందాలు వేసుకుని, 12 లక్షల పౌండ్లు పోగుచేసి, వొక మైలు కూడా లేని కొండ అంచుని జాతి ఆస్తిగా కొనుక్కున్నారు. పడిపోయేదని తెలిసే కొన్నారు.

మధ్యాహ్నం టాక్సీలో పడమటి వైపు వెళ్ళాం. అక్కడున్న కొండకి షేక్‌స్పియర్ పేరే పెట్టారు, ఆ లియర్ సీను మూలంగానే. దాని పక్కనున్న రౌండ్ డౌన్ అనే కొండని 1843 జనవరి 26న రైలుదారి కోసం 18 వేల పౌన్లకు పైగా తుపాకిమందు పెట్టి పేల్చేశారు. పోయింది పోగా, కొత్తగా వచ్చిన నేల కూడా ఇక్కడే వుంది! 1882లో భయపడి ఆపేసిన సొరంగాన్ని నూరేళ్ళ తర్వాత మళ్ళీ తవ్వారుకదా, 1994లో రైళ్ళు తిరిగాయికదా. ఇటువైపు తవ్వినప్పుడు వచ్చిన 49 లక్షల ఘనపు మీటర్ల సుద్దమట్టిని ఈ కొండ పాదాల దగ్గర పోసి, చుట్టూ గోడ కట్టి, గడ్డి మొలిపించారు. 75 ఎకరాల చోటు! 1997లో జనాన్ని రానిచ్చారు. దానికి పేరు పెట్టండని పోటీ పెడితే, రిటైరైన ఇంగ్లీషు టీచరమ్మ వొకావిడ సూచన నెగ్గింది. 'శాంఫైర్ హో'. లియర్ నాటకంలో కొండకి వేలాడుతూ కోసే ఆకుకూర పేరే శాంఫైర్. ఆ రోజుల్లో తాళ్ళు కట్టుకుని దిగి కోసి, ఊరగాయ పెట్టుకునేవారుట. పచ్చడి కోసం ప్రాణాలకు తెగించడం మనవాళ్ళు మాత్రమే చేస్తారనుకునేదాన్ని!

ఆ కొత్త నేల మీద వొక బెంచీమీద కూచున్నాం. ఇంతలో మా చెల్లెలి ఫోను టింగుమంది. 'ఫ్రాన్సుకి స్వాగతం' అని మెసేజి. ఈ తీరంలో ఇది మామూలేనట. అవతలి ఒడ్డు టవరు సిగ్నలు అందుతుంది. మేం నవ్వుకున్నాం. వెంటనే అది నవ్వు ఆపి సముద్రంలోకి చూస్తూ, "ఇక్కడే అక్కా, రబ్బరు పడవల్లో వచ్చేది" అంది. 2018 నుంచి ఎక్కడెక్కడి దేశాలు వదిలొచ్చినవాళ్ళో చిన్నచిన్న పడవల్లో ఈ జలసంధి దాటుతున్నారు. 2022 వొక్క సంవత్సరంలోనే 45 వేలమందికి పైగా వచ్చారు. 2021 నవంబరు 24న వొక పడవ మునిగి కనీసం 27 మంది చనిపోయారు. వాళ్ళకి కూడా మొదట కనిపించేది ఈ తెలుపే కదా! "నేను విమానంలో వీసా పట్టుకుని వచ్చాను. అయినా ప్రమాణం చేసేరోజు నా కాళ్ళు వణికాయి" అంది మా చెల్లెలు.

అప్పుడన్నాను: "నాన్నగారు ఆ నాటకం చివర ఏం చెప్పేవారో గుర్తుందా? కొడుకు తానెవరో చివరిదాకా తండ్రికి చెప్పడు. చెప్పేసరికి ఆలస్యమై, ఆ సంతోషమూ దుఃఖమూ తట్టుకోలేక తండ్రి గుండె ఆగిపోతుంది. ముందే చెప్పకపోవడం తన తప్పేనని ఎడ్గరే వొప్పుకుంటాడు."

తెనాలిలో అప్పుడు రాత్రి ఏడున్నర. ఫోను చేశాను. అన్నం తిని వరండాలో కూచున్నారుట. వున్నది వున్నట్టు చెప్పాను. గడ్డి చటుక్కున ఆగిపోవడం, నల్లని చారలు, అవతలి ఒడ్డున ఇదే కొండ తాలూకు రెండో ముక్క, రాలుతున్నచోట తెలుపు, రాలనిచోట మాపు, రైలు సొరంగం మట్టితో మొలిచిన కొత్త నేల.

"అయితే ముప్ఫయ్యేళ్ళు పిల్లలకి తప్పు చెప్పానన్నమాట. ఆ గీత కదలదన్నాను" అన్నారు.

ఇంతలో మా చెల్లెలు నా చేతిలోంచి ఫోను లాక్కుంది. "నాన్నగారూ, నేను ఇక్కడి పౌరసత్వం తీసేసుకున్నానండీ. ఏడాదిన్నరయింది" అని గబగబా చెప్పేసింది.

అవతల కాసేపు మాట లేదు. నాకు సముద్రం చప్పుడు మాత్రమే వినిపించింది.

"తెలుసమ్మా" అన్నారు చివరికి. "పోయిన దసరాకి వచ్చినప్పుడు ఎయిర్‌పోర్టులో మీరిద్దరూ ఏ లైన్లో నిలబడ్డారో అల్లుడు మీ అమ్మకి చెబుతుంటే విన్నాను. చూపు పోయిందిగానీ చెవులు పోలేదుగా. నువ్వే చెబుతావని చూశాను."

"తాతయ్య..." అని మా చెల్లెలు ఏదో అనబోయింది.

"మా నాన్న జైలుకెళ్ళింది వాళ్ళ పెత్తనం మీద కోపంతో. జైల్లోంచి వచ్చి నన్ను ఇంగ్లీషు ఎమ్మే చదివించింది కూడా ఆయనే" అన్నారు. మాటలు మామూలుగానే వున్నాయిగానీ గొంతు కాస్త బొంగురుపోయింది. ఆయనకి కష్టం కలగలేదని నేను రాయలేను. వున్నది వున్నట్టు చెప్పమన్నారు కదా.

మా చెల్లెలు కళ్ళు తుడుచుకుంటూ ఫోను నాకిచ్చింది.

"ఏమే, వున్నావా? ఇందాక గబగబా చెప్పేశావు. మళ్ళీ మొదట్నించీ చెప్పు. పైనుంచి కిందకి, నెమ్మదిగా" అన్నారు నాన్నగారు.

మళ్ళీ మొదట్నించీ చెప్పాను.